ఆ ఎర్ర లైటు నా వల్లే!

నెట్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగితే మీరేం చేస్తారు? బాక్స్ ఆపి మళ్లీ వేస్తారు. అప్పటికీ పోకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మ్యూజిక్ వింటూ కూర్చుని, చివరికి కేబుల్ అన్నని తిట్టుకుంటారు. నేనూ అదే బ్యాచ్. కాకపోతే 2025 ఆగస్టు చివరి వారంలో ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంట్లో ఎర్ర లైటు వెలగడానికి కారణం కస్టమర్ కేర్ కాదు, కేబుల్ అన్న అంతకన్నా కాదు. నా చేతిలో ఉన్న కటింగ్ ప్లేయర్.

పాత ఫైబర్ కేబుల్‌తో మా గదికి నెట్‌వర్క్ వేసుకున్నానని ఆమధ్య ఇక్కడే ఒక ముక్క రాస్తే, ఎలా వేశావో చెప్పమని చాలామంది అడిగారు. చెప్తాను. కానీ ఎలా వేయకూడదో ముందు చెప్పాలి. ఎందుకంటే నేను ముందు చేసింది అదే.

ఫిల్మ్‌నగర్ అనగానే మీకు బంగళాలు, పెద్ద పెద్ద గేట్లు గుర్తొస్తాయి. వాటి వెనక బండల మీద మెట్లు మెట్లుగా ఎక్కిపోయిన బస్తీ కూడా ఉంది. మేం ఉండేది అక్కడ. ఓనర్ ఆంటీ దగ్గర నేను, నా ఫ్రెండు కలిసి రెండు గదులు తీసుకున్నాం. కింద గది ఆఫీసు లాంటిది. నెట్ కనెక్షన్ అక్కడే, షూట్ చేసిన ఫుటేజీ దాచే స్టోరేజ్ బాక్సూ అక్కడే. పై గది ఇరవై మెట్లు ఎక్కాక, విడిగా ఉంటుంది. రాత్రుళ్లు ఎడిటింగ్ అక్కడ. కింద ఎందుకు చేయకూడదంటారా? ఆంటీ వాళ్ల నాన్నగారు తొమ్మిదింటికి పడుకుంటారు. ఒకే డైలాగుని నలభైసార్లు వినే మా పనికి ఆయన గోడ పక్కన చోటు లేదు.

ఈ రెండు గదుల మధ్య ఏనుగంత బండ ఉంది. వైఫై దాన్ని దాటి వచ్చేసరికి ఆయాసపడేది. 40 ఎంబీపీఎస్ వస్తే పండగ. సినిమా చూడటానికి అది చాలు. కానీ మాది సినిమా చూసే పని కాదు, కోసే పని. ఒక్కరోజు షూట్ 100 జీబీ అనుకోండి. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5 ఎంబీ. పైకి ఎక్కడానికి అయిదున్నర గంటలు. అదే గిగాబిట్ లైన్ ఉంటే పదిహేను నిమిషాలు. అందుకే హార్డ్‌డిస్కు జేబులో పెట్టుకుని మెట్లు ఎక్కి దిగేవాణ్ని. ఒకసారి వానలో జారాను కూడా. మోకాలు పోయింది, డిస్కు బతికింది. ఎడిటర్ జాతికి అది లాభమే.

మరి మామూలు ల్యాన్ వైరు వేసుకోవచ్చుగా? వేసుకోవచ్చు. 100 మీటర్ల దాకా అది హాయిగా పనిచేస్తుంది. మాకు కావాల్సింది 62 మీటర్లే. కానీ రెండు గదులకీ మీటర్లు వేరు, ఫేజులు వేరు. దారిలో ఒకచోట కరెంటు సర్వీసు వైరు పక్కనుంచే వెళ్లాలి. పైగా గుట్ట మీద ఇల్లు. పిడుగు మన మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు, బయట పరిచిన పొడుగాటి రాగి తీగలోకి వోల్టేజీ దూరి రెండు చివర్లా ఉన్న పెట్టెల్ని కాల్చేస్తుంది. ఫైబర్‌లో ఉండేది గాజు. దానికి కరెంటు పట్టదు. రెండు వేర్వేరు కట్టడాల మధ్య బయటినుంచి లైన్ వేయాలంటే గాజే మేలు.

ఇక్కడిదాకా నా ఆలోచన బాగానే ఉంది. ఆ తర్వాతే బుద్ధి గడ్డి తింది.

ఆ ఆగస్టు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 17వ తేదీ రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లని విద్యుత్ సిబ్బంది కోసేయడం మొదలుపెట్టారు. ఊళ్లో చాలాచోట్ల నెట్ పోయింది. వ్యవహారం హైకోర్టుకీ వెళ్లింది. ఎవరిది ఒప్పు అన్నది వేరే కాలమ్. నాకు కనిపించింది మాత్రం రోడ్డు పక్కన కుప్పలు కుప్పలుగా నల్ల తీగలు. మా సందు మలుపులో కూడా ఒక కుప్ప. చిక్కుపడిన జడలా ఉంది. అందులోంచి ఒక తీగ లాగితే వచ్చింది, ఇంకా లాగితే స్తంభం నుంచి కిందికి జారిన ఒక వంపు దగ్గర ఆగింది. చేతికి అందే ఎత్తులో ఉంది. చచ్చిన కేబులే కదా అనుకున్నాను. టక్కుమని కోశాను. ఒక చుట్ట చుట్టుకుని ఇంటికి తెచ్చి, ఫొటో తీసి, స్టేటస్ కూడా పెట్టాను. ‘జీరో బడ్జెట్ ఫైబర్’ అని.

మర్నాడు సాయంత్రం కేబుల్ అన్న మా మెట్ల దగ్గర కనిపించాడు. భుజం మీద నిచ్చెన, చేతిలో చిన్న టీవీ లాంటి పెట్టె. దాన్ని ఓటీడీఆర్ అంటారు. ఫైబర్‌లోకి ఒక వెలుగు దెబ్బ పంపి, అది తిరిగి రావడానికి పట్టిన టైమును బట్టి తీగ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో లెక్కగట్టి చెప్తుంది. అవతలి ఇంట్లోంచి కొలిస్తే కరెక్టుగా మా సందు మలుపు చూపించిందట. స్తంభం మీది ముక్క పట్టుకుని చూశాడు. ఈ కేబుళ్ల తొడుగు మీద మీటరు మీటరుకీ నంబర్లు అచ్చు వేసి ఉంటాయి. స్తంభం మీది ముక్క 412 దగ్గర ఆగింది. మా గుమ్మం పక్కనున్న చుట్ట 413తో మొదలవుతోంది.

“తమ్మీ, గిది యాడ దొరికింది?”

“రోడ్డు మీద పడి ఉందన్నా.”

“పడున్నదా, కోసినవా?”

నేనేం మాట్లాడలేదు. ఆయన తిట్టలేదు. అదే ఇబ్బంది. “వారం నుంచి ఇంట్ల కూసోని అన్నం తిన్లే” అన్నాడంతే. కోసిన లైన్లన్నీ మళ్లీ కలుపుకుంటూ తిరుగుతున్నాడు. ఆ వంపు కూడా ఆయనే రెండ్రోజుల కింద, తాత్కాలికంగా, చేతికందే ఎత్తులోనైనా సరే లైన్ నడవాలని కట్టినది. కుప్పలో ఉన్నవి నిజంగానే చచ్చిన తీగలు. వాటితో చిక్కుపడి ఉన్న ఆ ఒక్కటి మాత్రం బతికి ఉంది.

అది ఒక టైలర్ ఇంటి లైన్. సినిమా కాస్ట్యూములు కుట్టే ఇల్లు. నేను కోసిన టైముకి ఆ ఇంటి అమ్మాయి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఉంది. రెండో రౌండు. లైన్ పోగానే ఫోన్ డేటాకి మారింది, వీడియో ఆగిపోతోందని కెమెరా ఆపి మాట్లాడింది. ఆ ఉద్యోగం రాలేదు. నా వల్లేనా, వేరే కారణమా అన్నది ఆ అమ్మాయికీ తెలీదు, నాకూ తెలీదు. వాళ్లింటికి వెళ్లి చెప్పాను, నేనే కోశానని. వాళ్ల నాన్న కుట్టుమిషన్ ఆపి విన్నారు. “చెప్పినవ్ గద, చాలు” అన్నారు. ఆ అమ్మాయి మాత్రం లోపల్నుంచి బయటికి రాలేదు.

ఒక్క విషయం గట్టిగా పెట్టుకోండి. ఫైబర్ బతికి ఉందో లేదో కంటితో చూస్తే తెలీదు. అందులో నడిచే వెలుగు పరారుణం, అంటే మన కంటికి కనబడని రకం. నలుపు తీగలన్నీ ఒకేలా ఉంటాయి. తెగిన చివర వెలగడం లేదు కాబట్టి చచ్చిందనుకోవద్దు. కనిపించకపోయినా ఆ వెలుగు కంటికి మంచిది కాదు, కాబట్టి చివర్లోకి తొంగి చూడొద్దు కూడా. స్తంభం మీదది, స్తంభం నుంచి వేలాడుతున్నది, స్తంభం కింద కుప్పలో ఉన్నది, ఏదైనా సరే మనది కాదు. అడగాలి.

ఆ రోజు అన్న నాకు వేసిన శిక్ష, “నిచ్చెన పట్టు” అనడం. రెండు గంటలు పట్టుకున్నాను. టైలర్ గారింటికి కొత్త డ్రాప్ వైరు లాగాం, 120 మీటర్లు. మీటరు ఆరు రూపాయలు లెక్కన 720 నేనే ఇచ్చాను. పైన స్తంభం దగ్గర ఆయన రెండు గాజు చివర్లని చిన్న మిషన్లో పెట్టి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతికించాడు. ఆ మిషన్ ఖరీదు ఒక బైకుకి తక్కువ ఉండదు. గాజు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు, అంటే వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. ఎదురెదురుగా ఆ రెండు దారుల్ని కలపాలి. నిచ్చెన మీద, రోడ్డు మీద పోయే బస్సు గాలికి ఊగుతూ. కింద నిలబడి చూశాక, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నేనెప్పుడెప్పుడు ఎంత గట్టిగా అరిచానో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

పని అయ్యాక ఆయనే అడిగాడు, “అసలు నీకెందుకు తమ్మీ ఇదంత?” చెప్పాను. బండ, మెట్లు, మోకాలు అన్నీ. నవ్వి, ఆఫీసులో డ్రమ్ము చివర మిగిలిన ముక్కలు పడుంటాయని, సూపరువైజర్ని అడిగి చెప్తానన్నాడు. మూడోరోజు 85 మీటర్ల ముక్క వచ్చింది. కొత్త ఇంటికి చాలని పొడుగు, కంపెనీకి పనికిరాదు. తుక్కు కొనేవాడికీ అక్కర్లేదు, ఎందుకంటే అందులో రాగి లేదు. రాగి అనుకుని ఫైబర్ కోసే దొంగలు కూడా, విప్పి చూసి అక్కడే పారేసి పోతారు. అలా వచ్చింది నాకు అసలైన పాత ఫైబర్. అడిగితే.

ఇక అసలు పని.

మొదట తీగ బాగుందో లేదో చూడాలి. ఎర్ర లేజరు పెన్ను ఒకటి దొరుకుతుంది, కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, ఆన్‌లైన్‌లోనూ ఉంది. ఒక చివర దాన్ని తగిలించి, రాత్రి లైట్లు ఆపి తీగ వెంట నడవండి. ఎక్కడ విరిగితే అక్కడ తొడుగులోంచి ఎర్రగా మెరుస్తుంది. మా ముక్కలో ఒక చివరనుంచి 11 మీటర్ల దగ్గర మెరిసింది. ఆ ముక్క తీసేస్తే 74 మిగిలాయి. ఓనర్ ఆంటీ మనవడు ఆ ఎరుపు చూసి నాగమణి అనుకున్నాడు. ఇంకా అదే అనుకుంటున్నాడు, నేను సరిదిద్దలేదు.

ఆ తర్వాత చాలామంది మర్చిపోయే సంగతి. గాజుకి కరెంటు పట్టదు, నిజమే. కానీ ఇళ్లకి లాగే నల్ల తీగల్లో చాలావాటికి గాజు పక్కనే ఉక్కు తీగ ఉంటుంది, బరువు మోయడానికి. దానికి కరెంటు బ్రహ్మాండంగా పడుతుంది. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ వాళ్లు కరెంటు స్తంభాల మీదే దాదాపు 24 వేల కిలోమీటర్లు ఫైబర్ వేశారు. భూమి తవ్వే ఖర్చు తప్పింది. తెలంగాణలో టీ-ఫైబర్‌కి మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన గోతుల్నే వాడుకున్నారు. అవన్నీ ప్లాను ప్రకారం జరిగే పనులు. మనం ఇంటి దగ్గర ఉక్కు తీగ ఉన్న ముక్కని సర్వీసు వైరు పక్కన వేలాడదీయడం ప్లాను కాదు, ప్రమాదం. నేను ఆ ఉక్కు తీగని మొత్తం పొడుగునా చీల్చి తీసేశాను. మధ్యాహ్నం అంతా పట్టింది. తీగని గాల్లో వేలాడదీయకుండా గోడ వెంట, అరంగుళం నీళ్ల పైపు ముక్కల్లోంచి తీసుకెళ్లాను. సర్వీసు వైరు దగ్గరికి వచ్చినచోట దానికి దూరంగా, కిందినుంచి తిప్పాను. స్తంభం జోలికి అసలు పోలేదు.

బండ చుట్టూ తిప్పేటప్పుడు వంపు చూసుకోవాలి. ఇప్పటి డ్రాప్ కేబుళ్లు చాలావరకు బిగువు వంపుల్ని తట్టుకుంటాయి, పాతవి తట్టుకోవు. ఏది ఏదో తెలియకపోతే నా కొలత, టీ గ్లాసు. దాని చుట్టూ తిరిగినంత గుండ్రంగా ఉంటే పర్లేదు, అంతకన్నా బిగిస్తే వెలుగు మలుపు దగ్గర బయటికి కారిపోతుంది.

చివర్లు బిగించడం దగ్గర నా అహంకారం మొత్తం దిగింది. ఫాస్ట్ కనెక్టర్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అతికించే మిషన్ లేకుండానే పెట్టుకోవచ్చు. తొడుగు తీసి, గాజు మీది పూత తీసి, ఐపీఏతో తుడిచి, క్లీవర్ అనే పనిముట్టుతో గాజుని నిటారుగా తుంచి లోపలికి తోయాలి. కత్తెరతో కోస్తే కుదరదు, చివర బెల్లంముక్క విరిగినట్టు విరుగుతుంది. యూట్యూబ్‌లో నలభై సెకన్ల పని. నాకు నాలుగు కనెక్టర్లలో మూడు పోయాయి. రెండో ప్యాకెట్ తెచ్చుకున్నాక, అన్న వచ్చి పక్కన కూర్చుని “తొందరెందుకు, గాజు యాడికి పోతది?” అన్నాక కుదిరింది. పనిముట్లు కూడా ఆయనవే. తుంచిన గాజు ముక్కలు కంటికి కనపడవు, వేలిలో దిగితే బయటికి రావు. నల్ల చార్టు మీద కూర్చుని చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ప్రతి ముక్కనీ సెల్లోటేపుకి అంటించి మూత ఉన్న సీసాలో వేయండి. మంచం మీద, కంచం పక్కన ఈ పని పెట్టుకోకండి.

రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు కావాలి. వెలుగుని ల్యాన్ వైరు భాషలోకి మార్చే చిన్న పెట్టెలు. ఒకే గాజు దారంలో పోయేది ఒక రంగు వెలుగు, వచ్చేది ఇంకో రంగు వెలుగు. ఒక పెట్టె 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, రెండోది దానికి రివర్స్. అందుకే ఇవి ‘ఏ’, ‘బి’ అని జతగా వస్తాయి. ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడి గెలిచిన ఆనందంలో నేను రెండు ‘ఏ’లు తెచ్చుకున్నాను. ఇద్దరూ ఒకే గొంతుతో అరుస్తారు, ఇద్దరికీ వినపడదు. మళ్లీ సికింద్రాబాద్ వెళ్లి మార్చుకొచ్చాక ఇంకో తప్పు బయటపడింది. కనెక్టర్లలో ఆకుపచ్చవి ఉంటాయి, నీలివి ఉంటాయి. ఆకుపచ్చదాని మొహం ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలిదానిది అలా ఉండదు. మన ఇళ్లకి నెట్ వచ్చేవి ఎక్కువగా ఆకుపచ్చవి, ఈ కన్వర్టర్లకి కావాల్సినవి నీలివి. రంగు కలవకపోతే దూరుతుంది, కానీ కుదరదు.

ఇన్ని తప్పులు చేసినా చివరికి లైటు వెలిగిందంటే, అది నా గొప్ప కాదు. ఆ పెట్టెలు 20 కిలోమీటర్ల దూరానికి చేసినవి. మనం వాడింది డెబ్బై మీటర్లకి. గాజు కిలోమీటరుకి పోగొట్టే వెలుగు అరడెసిబెల్ కూడా ఉండదు, మా దూరానికి అది లెక్కలోకే రాదు. కనెక్టరు కాస్త వంకరగా పెట్టినా క్షమించేస్తుంది. స్పీడు చూస్తే 940 ఎంబీపీఎస్. (గదికి గదికి మధ్య మాత్రమే. బయటినుంచి వచ్చే నెట్ మా ప్లాన్ ప్రకారం వందే. ఫైబర్ వేస్తే నెట్ స్పీడు పెరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.) ఆ రాత్రి 100 జీబీ ఫుటేజీ టీ పెట్టుకుని తాగేలోపు పైకొచ్చేసింది.

ఖర్చు చెప్తాను, దాచకుండా. కన్వర్టర్ల జత 1,500. కనెక్టర్లు, పాడుచేసినవాటితో కలిపి, 280. ఎర్ర పెన్ను 450. పైపులు, క్లిప్పులు 220. మొత్తం 2,450. ఇందులో కేబుల్ ఉచితం. అదే 70 మీటర్లు కొత్తది కొనుంటే ఎంతయ్యేది? నాలుగువందల ఇరవై. ఆ నాలుగువందల ఇరవై మిగుల్చుకోవడానికి నేను ఇంకొకరి లైన్ కోసి 720 కట్టాను.

అంటే పాత ఫైబర్ వెతుక్కోవడం వల్ల మిగిలేది చాలా తక్కువ. ఖర్చంతా రెండు చివర్లలోనే ఉంది, చేతిపనిలో ఉంది. ఎవరైనా మిగిలిన ముక్క ఇస్తే తీసుకోండి, లేకపోతే కొత్తది కొనుక్కోండి. ఒకే బిల్డింగులో రెండు గదులైతే అసలు ఫైబరే వద్దు. మంచి క్యాట్-6 వైరు వేసుకోండి. కొనేటప్పుడు లోపల నిజమైన రాగి ఉందో, రాగి పూత పూసిన అల్యూమినియం ఉందో అడగండి. చవగ్గా వచ్చేవాటిలో రెండోదే ఎక్కువ.

అన్న చేతిపనికి ఎంతివ్వాలని అడిగితే తీసుకోలేదు. వాళ్ల అబ్బాయి పుట్టినరోజు వీడియో ఎడిట్ చేసి ఇమ్మన్నాడు. మూడు నిమిషాల వీడియో, పాట ఆయనే ఎంచుకున్నాడు, నాకు నచ్చలేదు, పెట్టాను.

మొన్న వానలో మా పై గది కన్వర్టర్ మీద లైటు ఆరిపోయింది. అర్ధరాత్రి, పొద్దున్నే ఫైల్ ఇవ్వాలి. వేరే దారిలేక అన్నకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. అంతా విని, “ఎవడన్న కోసిండేమో చూడు తమ్మీ” అన్నాడు.

కోయలేదు. కింద గది తలుపు సందులో నలిగింది. టీ గ్లాసు కొలత అక్కడ మర్చిపోయాను.